ఆదుకోవడం – చెల్లించడం: తుఫాను సహాయ పరిభాషపై ఒక విమర్శ

తుఫాను తీరం దాటిన మరునాటి తెలుగు పత్రికలలో తప్పక కనిపించే క్రియాపదం 'ఆదుకోవాలి'. రైతులను ఆదుకోవాలి, మత్స్యకారులను ఆదుకోవాలి, కేంద్రం రాష్ట్రాన్ని ఆదుకోవాలి, దాతలు ముందుకు వచ్చి ఆదుకోవాలి. కర్తలు మారుతున్నా క్రియ మారదు. ప్రతిపక్షంలో ఉండగా ఈ మాట అన్నవారే అధికారంలోకి వచ్చాక 'ఆదుకుంటాం' అంటారు. 'చెల్లించాలి' అనే క్రియ ఈ సందర్భంలో అరుదు. బీమా గురించో పాత బకాయిల గురించో రాసేటప్పుడే అది కలం మీదికి వస్తుంది. ఆదుకోవడం ఆదుకొనేవాడి ఔదార్యాన్ని చెబుతుంది. చెల్లించడం చెల్లించేవాడి బాధ్యతను చెబుతుంది. మొదటి క్రియకు గడువు లేదు, నిర్ణీతమైన మొత్తం లేదు. రెండోదానికి రెండూ ఉంటాయి. కనుకనే నిధులు చాలనప్పుడు మొదటి క్రియ అందరికీ సౌకర్యంగా ఉంటుంది. పదోవంతు ఇచ్చినా ఆదుకున్నట్లే. పదోవంతు చెల్లిస్తే మాత్రం తొమ్మిది వంతులు బాకీ పడినట్లు.

తుఫాను నేపథ్యంగా వచ్చిన తెలుగు రచనలను మన విమర్శ ప్రధానంగా శోకసాహిత్యంగా చదివింది. ప్రకృతి భీభత్సం, మృత్యువర్ణన, కరుణరస పోషణ, ప్రతీకల నిర్వహణ అనే అంశాల చుట్టూనే పరిశీలన సాగింది. ఆ చదువు అవసరమే. కానీ తుఫాను ఒక రాత్రి ఉంటుంది, దాని తరువాతి సహాయం ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ ఏళ్లను రాసిన భాషను మనం సాహిత్యవస్తువుగా పట్టించుకోలేదు. సహాయనిధి చాలకపోవడం ఆర్థికశాస్త్ర విషయమని వదిలేశాం. లోటు సంఖ్యలలో కనిపించడానికి ముందే మాటలలో ఏర్పడుతుందనీ, ఇవ్వవలసినది ఇవ్వలేని వ్యవస్థ ముందుగా ఆ 'ఇవ్వవలసినది' అనే భావాన్నే భాష నుంచి తొలగిస్తుందనీ నా వాదం. దివిసీమ ఉప్పెన, హుద్‌హుద్ తుఫానుల సందర్భాలలో వాడుకైన కొన్ని మాటలను, రెండు సాహిత్యరచనలను, చివరగా 'అర్జీ' అనే రచనా రూపాన్ని ఈ దృష్టితో పరిశీలిస్తాను.

జోలె

1977 నవంబరు 19న దివిసీమలో సముద్రం సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఊళ్లమీదికి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతుల సంఖ్య సుమారు పదివేలు. అంతకు రెండున్నరేళ్ల ముందు, 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను విద్యాశాఖామాత్యుడిగా నిర్వహించిన మండలి వెంకటకృష్ణారావు దివిసీమవారే. తెలుగు జాతి తనను తాను ఘనంగా ప్రకటించుకున్న ఉత్సవానికీ, అదే జాతి తన తీరాన్ని కాపాడుకోలేకపోయిన రాత్రికీ మధ్య అంతే దూరం.

ఆ ఉప్పెన జ్ఞాపకంలో శవాల దిబ్బల తరువాత జనం ఎక్కువగా చెప్పుకొనే దృశ్యం, నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు సేకరించడం. రామారావు 1952లో రాయలసీమ కరవు నిధి కోసం కూడా ఇలాగే తిరిగారు. మన సంప్రదాయంలో జోలె సన్న్యాసికి గౌరవం, గృహస్థుకు అవమానం. సంపన్నుడైన నటుడు జోలె పట్టినప్పుడు ఆ అవమానాన్ని తన భుజాన వేసుకుని గౌరవంగా మార్చాడు. సర్వం కోల్పోయినవాడు స్వయంగా చెయ్యి చాచే అవసరాన్ని కొంతైనా తప్పించాడు. దీన్ని కేవలం ప్రదర్శన అని కొట్టివేసే ధోరణితో నేను ఏకీభవించను. అడగడంలోని సిగ్గును ఇంకొకరు పంచుకోవడం చిన్న విషయం కాదు.

అయితే జోలె స్వభావాన్ని కూడా గమనించాలి. జోలెలో ఎంత పడితే అంతే నిధి. ఇచ్చేవాడి మనసు దాని కొలత. పోయినవాడి నష్టం కాదు. జోలెకు లోటు అనేది ఉండదు, ఎందుకంటే దానికి ముందుగా నిర్ణయించిన మొత్తమే లేదు. సగం నిండిన జోలెను చూసి ఎవరూ సగం ఖాళీ అనరు. జోలె నిండుతుంటే చూస్తున్న జనానికి, నింపవలసిన ఖజానా ఒకటి వేరే ఉందన్న స్పృహ మసకబారుతుంది. ఇది జోలె పట్టినవారి తప్పు కాదు, జోలె అనే రూపానికి ఉన్న పరిమితి. ఆ జోలె పట్టిన చేయే 1983 జనవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రిగా సంతకం చేసే చేయి కావడంతో, నటుడుగా ప్రజలను అడిగిన వ్యక్తి ముఖ్యమంత్రిగా కేంద్రాన్ని అడగవలసి వచ్చింది. వినతిపత్రానికి జోలెకు ఉన్న గౌరవం లేదు.

హుద్‌హుద్ నాటికి జోలె రూపం మారింది. 2014 నవంబరు 30న తెలుగు చలనచిత్ర పరిశ్రమ 'మేము సైతం' పేరుతో టెలివిజన్‌లో రోజంతా విరాళాల కార్యక్రమం నడిపింది. శ్రీశ్రీ 'జయభేరి'ని వెంటనే స్ఫురింపజేసే పేరు అది. అక్కడ మాట్లాడే 'నేను' తనను తాను సమర్పించుకుంటుంది. ఇక్కడి 'మేము' చెక్కును సమర్పిస్తుంది. ఒక పదబంధం అర్ధశతాబ్దం పైగా ప్రయాణించి ఆహుతి నుంచి విరాళానికి చేరుకున్న తీరు సాహిత్య చరిత్రకారుల దృష్టికి రావలసిన విషయం.

లోటు ఎక్కడ పుడుతుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటింది. రెండు రోజుల తరువాత నగరాన్ని సందర్శించిన ప్రధానమంత్రి రూ. 1,000 కోట్ల తక్షణ సహాయం ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం నష్టాన్ని రూ. 21,908 కోట్లుగా అంచనా వేసింది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి 'అరకొర సాయం' అని శీర్షిక పెట్టడం పత్రికలకు సులభం. ఆ శీర్షిక అబద్ధం కాదు. కానీ అసలు విషయం దానికి అందదు. ప్రకటించినది తక్షణ సహాయమే, తుది మొత్తం కాదు. అంతకన్నా ముఖ్యంగా, ఈ రెండు సంఖ్యలు రెండు వేర్వేరు భాషలకు చెందినవి. రాష్ట్రం పంపే నివేదిక 'ఎంత పోయింది' అనే ప్రశ్నకు జవాబు. కేంద్రం విడుదల చేసే మొత్తం 'నిబంధనల ప్రకారం ఎంత ఇవ్వవచ్చు' అనే ప్రశ్నకు జవాబు. విపత్తు నిధుల మార్గదర్శకాలు ఒక వాక్యంలో ఈ విషయం తేల్చేస్తాయి: ఈ సహాయం తక్షణ ఉపశమనానికే తప్ప ఆస్తినష్టానికో పంటనష్టానికో పరిహారం కాదు. అంటే లోటు నిధుల విడుదల రోజున పుట్టదు, నిర్వచనం రాసిన రోజునే పుడుతుంది.

1990లో విపత్తు సహాయ నిధి ఏర్పడి, కేంద్రం 75, రాష్ట్రం 25 పాళ్ల చొప్పున ముందే సొమ్ము జమచేసే పద్ధతి వచ్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం తరువాత ఇదే రాష్ట్ర, జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధులుగా మారింది. జోలెతో పోలిస్తే ఇది గొప్ప ముందడుగు. నిధి దాత మనసుపై కాక సూత్రంపై ఆధారపడింది. కానీ సూత్రం మారినా భాష మారలేదు. మరణించినవారి కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2005 నాటి చట్టం కూడా 'ఎక్స్‌గ్రేషియా' అనే అంది. లాటిన్‌లో ఆ మాటకు 'అనుగ్రహం వల్ల' అని అర్థం. తెలుగు పత్రికలు దీన్నే 'నష్టపరిహారం' అని రాస్తాయి. పరిభాష తెలిసినవారు ఇది అనువాద దోషమంటారు. నాకు ఇందులో దోషం కన్నా సంస్కారం కనిపిస్తుంది: అనుగ్రహమని పైనుంచి వచ్చిన మాటను తెలుగు విలేఖరి బాధ్యతగా మార్చి రాస్తున్నాడు. 'పరిహారం' మనకు దోషనివారణ కూడా. గ్రహదోషానికి పరిహారం చేసుకొనేవాడు ఎవరికీ దయ చూపడం లేదు, తాను తీర్చుకోవలసినది తీర్చుకుంటున్నాడు.

ఈ మాటల తగవు న్యాయస్థానం దాకా వెళ్లింది. అది తుఫాను సందర్భం కాదు, కోవిడ్ మరణాల సందర్భం. అయితే చట్టం అదే. కనీస సహాయ ప్రమాణాలను జాతీయ ప్రాధికార సంస్థ సిఫారసు 'చేయాలి' అని అప్పటి చట్టం పన్నెండో సెక్షన్ అంది. ఆ 'చేయాలి'ని 'చేయవచ్చు'గా చదవాలన్నది ప్రభుత్వ వాదన; ఆర్థిక భారాన్ని కూడా ప్రస్తావించింది. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు 'చేయాలి' అంటే చేయాలనే అర్థమని తేల్చింది. ఎంత అనేది మాత్రం ప్రాధికార సంస్థకే వదిలింది. అనుగ్రహించడం విధి అయింది, అనుగ్రహ పరిమాణం మాత్రం అనుగ్రహంగానే మిగిలింది. విధ్యర్థక క్రియారూపం మీద ఇంత బరువు ఉంటుందని వ్యాకరణం బోధించే తరగతిలో మనం చెప్పం.

'సహాయం' అనే మాట అప్పును సైతం తనలో దాచుకోగలదు. 2019 మార్చిలో ఇడాయ్ తుఫాను మొజాంబిక్‌లోని బెయిరా నగరాన్ని ధ్వంసం చేసింది. వచ్చే నెలలోనే మరో తుఫాను, కెనెత్, ఆ దేశపు ఉత్తర తీరాన్ని తాకింది. పునర్నిర్మాణానికి 320 కోట్ల డాలర్లు కావాలని అంచనా వేశారు. బెయిరాలో జరిగిన దాతల సమావేశంలో వచ్చిన హామీలు 120 కోట్ల డాలర్లు. ఈలోగా ఆ దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి సుమారు 11.8 కోట్ల డాలర్లు వడ్డీ లేని రుణం తీసుకుంది. వడ్డీ లేకపోయినా అది రుణమే. అక్కడ మునిగినవాడే బాకీదారు. ఎవరు ఎవరికి రుణపడి ఉన్నారనే ప్రశ్న సహాయ పరిభాషలో ఎంత పూర్తిగా తలకిందులు కాగలదో చెప్పడానికే ఈ ఉదాహరణ.

లబ్ధిదారు

మన కార్యాలయ భాషలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచే మాట 'లబ్ధిదారు'. ఇల్లు కూలి, వల కొట్టుకుపోయి, పంట కుళ్లినవాడు జాబితాలోకి ఎక్కేసరికి లబ్ధి పొందినవాడవుతాడు. నష్టపోయిన మనిషికి లాభం పేరు. సంస్కృత 'లబ్ధి'కి పారశీక ప్రత్యయం 'దారు' చేర్చి కట్టిన ఈ సమాసం రెవెన్యూ భాషా కుటుంబానికి చెందినది. పట్టాదారు, ఇనాందారు, ఖాతాదారు దీని జ్ఞాతులు. 'హక్కుదారు' కూడా అదే కుటుంబంలోదే. ప్రత్యయం ఒకటే, ప్రకృతి వేరు. ఒకే గుమాస్తా ఒకే కలంతో రెండు మాటల్లో ఏదైనా రాయగలడు. రాసేది మాత్రం మొదటిదే.

సొమ్ము చాలనప్పుడు ఈ జాబితా ఎలా నడుస్తుందో చూస్తే మాట వెనుక పని తెలుస్తుంది. ప్రతి ఒక్కరికీ ఇచ్చే మొత్తాన్ని బహిరంగంగా తగ్గించడం కష్టం. 'ఎవరు' అన్న నిర్వచనాన్ని బిగించడం సులభం. ఇల్లు 'పూర్తిగా' దెబ్బతిన్నదా, 'పాక్షికంగా'నా అన్న విశేషణం దగ్గర ఒక కుటుంబం భవిష్యత్తు తేలుతుంది. పంటనష్టం 50 శాతం దాటితేనే రైతు బాధితుడన్న నియమం 2015లో 33 శాతానికి మారింది. ఆ మార్పుకు ముందు 40 శాతం పంట పోయిన రైతు పొలంలో నష్టం ఉంది, కాగితంలో లేదు. కోస్తాలో సాగుచేసేవారిలో పెద్ద భాగం కౌలు రైతులు. వారి పేర పట్టా లేదు. సాగుదారుకు గుర్తింపు ఇవ్వడానికి 2011లోనూ 2019లోనూ చట్టాలు వచ్చినా, భూయజమాని అంగీకారమో సంతకమో అడ్డుపడిన చోట చేను మునిగినవాడు ఒకడు, లబ్ధిదారు ఇంకొకడు.

దీన్ని అధికారుల దుర్మార్గంగా మాత్రమే చదివితే పొరపాటు. మన దానధర్మ చింతనలోనే దీనికి పాత బీజం ఉంది. దానం సఫలం కావాలంటే దేశం, కాలం, పాత్రత కలిసిరావాలని ధర్మశాస్త్ర సంప్రదాయం చెబుతుంది. పుచ్చుకొనేవాడి యోగ్యతను ఇచ్చేవాడు నిర్ణయిస్తాడు. 'అపాత్రదానం' అనే మాట ఈనాటికీ మన వాడుకలో ఉంది. 'అపాత్ర రుణం' అనే మాట లేదు. బాకీ తీర్చేవాడికి అప్పిచ్చినవాడి యోగ్యత పరీక్షించే అధికారం ఉండదు. 'అనర్హుల ఏరివేత' అని కార్యాలయాలు పెట్టుకున్న పేరు పాత్రాపాత్ర విచారణకు ఆధునిక రూపమే. సహాయం దానంగా ఉన్నంతకాలం ఈ ఏరివేత ధర్మంగానే కనిపిస్తుంది.

'దత్తత' కూడా ఇటువంటిదే. దివిసీమలో స్వచ్ఛంద సంస్థలు గ్రామాలను దత్తత తీసుకుని ఇళ్లు కట్టించాయి. ఆ ఇళ్లలో కొన్ని తరాలు తలదాచుకున్నాయి, ఆ మేలును తక్కువ చేయలేం. కాని తరతరాలుగా సముద్రంతో బతుకుతున్న ఊరు ఒక్కసారిగా బిడ్డ అయిపోవడం, కొన్నిచోట్ల దాత పెట్టిన పేరుతో కొత్తగా పిలవబడడం ఆ మాటలో ఇమిడి ఉన్న మూల్యం.

రెండు రచనలు

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. ఆ కీర్తి కథకు కొంత చేటు కూడా చేసింది. మానవ స్వభావ విశ్లేషణకు ఉదాహరణగా దాన్ని ఎన్నోసార్లు బోధించి, అందులోని ఇచ్చిపుచ్చుకోళ్ల నిర్మాణాన్ని వెనక్కి నెట్టేశాం. రైలులో బిచ్చగత్తె అడిగితే రావుగారు ఇవ్వరు. పిసినారితనం వల్ల కాదు, నియమం వల్ల. పాత్రాపాత్ర విచారణ ఆయనకు జీవితసూత్రం. గాలివాన రాత్రి ఆ లెక్క తారుమారవుతుంది. ధైర్యం, వెచ్చదనం ఆమె నుంచి ఆయనకు అందుతాయి. ఆమె ఆయన అర్హతను విచారించదు. కథ చివర ఆమె శవం చేతిలో ఆయన పర్సు కనిపిస్తుంది. దొంగతనమా, దక్షిణా, తీరిన బాకీయా? ఆ పర్సుకు కథలో స్థిరమైన పేరు లేదు. తుఫాను తరువాత చేతులు మారే సొమ్ముకు పేరు పెట్టడం ఎంత కష్టమో ఇంత బాగా చెప్పిన రచన నాకు తెలుగులో మరొకటి తారసపడలేదు. అయితే ఇది ఇద్దరి మధ్య కథ. రాజ్యం ఇందులో లేదు. రావుగారి స్థానంలో ఖజానాను పెడితే పద్మరాజు కరుణ సరిపోదు.

ఆ చోటు నగ్నముని 'కొయ్యగుర్రం'ది. దివిసీమ ఉప్పెనకు స్పందనగా వచ్చిన ఈ దీర్ఘకవితలోని ప్రతీకను విమర్శకులు ఎక్కువగా జడమైన పాలనావ్యవస్థకు అన్వయించారు. దానికి ఒక చిన్న చేర్పు చేయదలచాను. కొయ్యగుర్రం గుర్రం లేకపోవడం కాదు. రూపం ఉంది, ఠీవి ఉంది, పరుగెత్తే భంగిమ ఉంది, చలనం లేదు. చాలీచాలని సహాయం స్వరూపం కూడా అదే. కంట్రోల్ రూము ఉంటుంది, కేంద్ర బృందం పర్యటన ఉంటుంది, కలెక్టరు ఏర్పాటు చేసిన ఫొటో ప్రదర్శన ఉంటుంది, నివేదిక ఉంటుంది. లేనిదాన్ని అడగడం సులభం. ఉన్నట్లు కనిపించేదాన్ని లేదని నిరూపించడం కష్టం. దిగంబర కవిగా ప్రారంభమైన నగ్నముని గొంతులో ఇక్కడ విలాపం కన్నా అభియోగం ఎక్కువ. అభియోగంలో బాధితుడు లబ్ధిదారు కాలేడు, వాది అవుతాడు. కావ్యానికి ఉన్న బలం ఇదే. దాని పరిమితి కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం: ఆగ్రహం వ్యవస్థ మొత్తాన్ని ఒకే కొయ్యగా చూస్తుంది. 'పూర్తిగా', 'పాక్షికంగా' అనే విశేషణాల మధ్య నలిగే మనిషి దగ్గరికి దిగిరావడానికి ఆ ఎత్తు నుంచి వీలు కాదు. ఆ పని చేయగల రూపం వచన కవిత కాదేమో.

అర్జీ

సహాయం అందనివాళ్లు స్వయంగా రాసే, లేదా తహసీల్దారు కార్యాలయం ముందు కూర్చునే అర్జీలేఖరి చేత రాయించుకునే కాగితాన్ని మనం ఇంతవరకు రచనగా గుర్తించలేదు. ప్రతి తుఫాను తరువాతా ఇవి వేలల్లో పుడతాయి, కార్యాలయాల బీరువాలలో చెదలు పట్టి పోతాయి. వీటికి స్థిరమైన శిల్పం ఉంది: సంబోధన, అర్జీదారు ఊరూ పేరూ, నష్టవివరణ, జాబితాలో పేరు రాలేదన్న ఫిర్యాదు, చివర ప్రార్థన. పైకి ఇది పూర్తిగా అనుగ్రహ భాషే. 'తమరు దయతో', 'పేదవాణ్ణి', 'ప్రార్థిస్తున్నాను' వంటి మాటలు లేని అర్జీ ఉండదు. హక్కుల భాషకు అలవాటుపడిన పరిశోధకుడు దీన్ని దాస్యంగా చదివి పక్కన పెట్టేయవచ్చు.

అయితే ప్రార్థనావాక్యం చివరి క్రియను చూడాలి. అర్జీదారు 'సహాయం ఇవ్వవలసిందిగా' అని సాధారణంగా రాయడు. 'ఇప్పించవలసిందిగా' అని రాస్తాడు. 'ఇచ్చు'కు ప్రేరణార్థకం 'ఇప్పించు'. భిక్షగాడు ఇంటి యజమానిని 'ఇవ్వండి' అంటాడే తప్ప 'ఇప్పించండి' అనడు, ఎందుకంటే అక్కడ సొమ్ము ఇచ్చేవాడిదే. అధికారి దగ్గర మాత్రం ప్రేరణార్థకం వస్తుంది. ఎంత వంగి దండం పెట్టినా ఎదుట కూర్చున్నవాడు సొంతదారు కాదనీ, ఇవ్వవలసిన కర్త ఇంకెక్కడో ఉన్నాడనీ, ఈయన పని ఆ ఇవ్వడాన్ని జరిగేలా చూడడమేననీ ఆ 'ఇప్పించు'కు తెలుసు. వాక్యంలోని విశేషణాలన్నీ దయను అడుగుతుండగా క్రియ ఒక్కటే లెక్క అడుగుతోంది.